పట్టాల మీద ఎక్కాలు

బిలాస్‌పూర్ జంక్షన్‌లో బొగ్గు బండి ఆగిందంటే ప్రతి వ్యాగన్ పక్కనా పదకొండు అంకెల నంబరు కనిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. అందులో మొదటి పది అంకెలు ఆ వ్యాగన్ ఏ రకమో, ఏ రైల్వేకి చెందిందో, ఏ ఏడాది తయారైందో, దాని వరుస సంఖ్య ఎంతో చెబుతాయి. పదకొండో అంకె వ్యాగన్ గురించి ఏమీ చెప్పదు. ముందున్న పదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటమే దాని పని. కూడికలూ మూడో ఎక్కమూ వచ్చిన పిల్లలెవరైనా ఆ పని ఎలా జరుగుతుందో తామే చేసి తెలుసుకోవచ్చు.

ఇంట్లో పిల్లలకు లెక్కలు, చరిత్ర చెప్పాలనుకునే తల్లిదండ్రులు ముందుగా వెతికేది పుస్తకాలూ వీడియోలూ. అవి కావలసినవే. కానీ బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లో వాటికంటే ముందు తెరవదగ్గ పుస్తకం గుమ్మం బయటే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ప్రధాన కేంద్రం. అంతకు శతాబ్దం ముందే బెంగాల్ నాగపూర్ రైల్వే దీన్ని జంక్షన్‌గా మార్చింది. ఆ కంపెనీ ఉద్యోగాల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. రైల్వే కాలనీలో ఉన్నా, జిల్లాలోనే కాస్త దూరాన బెల్తరాలో ఉన్నా, వాళ్ల పిల్లలు బడిలో హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఆ పిల్లల చేత తెలుగులో లెక్క చేయించడానికీ, తమ కుటుంబం ఇక్కడికెందుకు వచ్చిందో చెప్పడానికీ రైలు దారిని మించిన పాఠం లేదు. రైలు దారి మీద ఊరికే రాసిన అంకె ఒక్కటి కూడా ఉండదు. ప్రతి అంకెకూ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం వెనక ఒక నిర్ణయం, ఆ నిర్ణయం వెనక మనుషులు ఉంటారు. అంకె నుంచి మనుషుల దాకా వెళ్లే ఈ వరుసే లెక్కనీ చరిత్రనీ కలుపుతుంది. అందుకే దీన్ని ముక్క ముక్కగా విప్పి, మళ్లీ కూర్చి చూద్దాం.

పట్టా మీది అక్షరాలు

ముందు పట్టా. దాని అడ్డుకోతలో మూడు భాగాలుంటాయి. చక్రం నడిచే మందపాటి తల, మధ్యలో సన్నటి నడుము, నేల వైపు వెడల్పాటి పాదం. బరువు మోసేది తల, ఆ బరువును పంచేది పాదం. తల పైకి, పాదం కిందికి ఎంత దూరంగా ఉంటే పట్టా అంత తేలిగ్గా వంగకుండా నిలుస్తుంది. మధ్యలో ఇనుము ఎక్కువ అక్కర్లేదు కాబట్టి నడుము సన్నబడింది. తక్కువ ఇనుముతో ఎక్కువ బలం తెచ్చిన ఈ ఆకారాన్ని పిల్లల చేత కాగితం మీద గీయిస్తే చాలు, ఎక్కడ ఎంత లోహం ఎందుకు పెట్టారో వాళ్లే చెబుతారు.

ఆ నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మధ్య నుంచి సాగేటప్పుడే, రోలరు మీద చెక్కిన అక్షరాలు పట్టా మీద పడతాయి. తయారుచేసిన మిల్లు పేరు, ఏడాది, పట్టా బరువు అందులో ఉంటాయి. నేటి పట్టాల మీద కనిపించే 52, 60 అనే అంకెలు మీటరుకు ఎన్ని కిలోలో చెబుతాయి. 13 మీటర్ల పట్టా ముక్కను మీటరుకు 52 కిలోల చొప్పున లెక్కిస్తే 676 కిలోలు. ఒక గుణకారంతో పిల్లలకు ఆ ఇనుప ముక్క బరువు తెలిసిపోతుంది.

దీని కోసం లైను దగ్గరికి పోనక్కర్లేదు, పోకూడదు కూడా. తీసేసిన పాత పట్టాలను కంచె స్తంభాలుగా, షెడ్డు గుంజలుగా పాతిపెట్టడం రైల్వే కాలనీల్లో మామూలే. అలాంటి గుంజ నడుము మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలు పక్కకు పెట్టి రుద్దితే, తుప్పు పట్టి కంటికి ఆనని అక్షరాలు కూడా కాగితం మీదికి వస్తాయి. పాత పట్టాల మీద ఇంగ్లండులోని బారో లాంటి మిల్లుల పేర్లు దొరుకుతాయి. టాటా పేరూ దొరుకుతుంది, ఆ కంపెనీ జంషెడ్‌పూర్‌లో మొదటిసారి ఉక్కు తీసింది 1912లో. ఇక నేటి పట్టాల మీద ఎక్కువగా ఉండేది బిలాస్‌పూర్‌కు రైలు దారిలోనే ఉన్న భిలాయి పేరు, అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. బారో, టాటా, భిలాయి అన్న మూడు పేర్లను ఏళ్ల వరుసలో పెడితే, పట్టా ఎక్కడి నుంచి వచ్చేదో, తర్వాత ఎక్కడ తయారైందో పిల్లల కళ్ల ముందే మారుతుంది. వలస పాలనలో ఇనుము ఓడలెక్కి వచ్చేది. స్వతంత్ర దేశం దాన్ని ఛత్తీస్‌గఢ్ నేల మీదే కరిగించి సాగదీసింది. ఇంత చరిత్ర చేతికి తగిలే అక్షరాల్లో ఉంది.

పాత పట్టా మీద ‘90 ఆర్’ అని ఉంటే గజానికి 90 పౌన్ల బరువని అర్థం. పౌను సుమారు 0.4536 కిలో, గజం 0.9144 మీటరు. పెద్ద పిల్లలు దీన్ని మీటరుకు సుమారు 44.6 కిలోలుగా మార్చుకోగలరు. పౌన్లూ గజాలూ ఈ నేలవి కావనీ, పాలకుల వెంట వచ్చాయనీ, స్వాతంత్ర్యం తర్వాతే మెట్రిక్ కొలతలు వాటి స్థానంలోకి వచ్చాయనీ ఆ మార్పిడి లెక్కే గుర్తుచేస్తుంది.

రెండు పట్టాల నడుమ

రెండో కొలత పట్టాల మధ్య దూరం. పెద్ద లైనుకు అది 1,676 మిల్లీమీటర్లు. ఇంత వంకర అంకెను ఎవరు ఎంచుకున్నారని పిల్లలు అడగాలి. అడుగుల్లోకి మారిస్తే జవాబు వస్తుంది. అయిదున్నర అడుగులను ఒక్కో అడుగుకు 304.8 మిల్లీమీటర్ల చొప్పున గుణిస్తే 1,676.4. అప్పటి ఇంజనీర్లు అడుగుల్లో ఆలోచించారు, మనం మిల్లీమీటర్లలో చదువుతున్నాం. అయిదున్నర అడుగుల కొలత గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో ఖాయమైంది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణే దాకా నడిచిన మొదటి ప్రయాణికుల బండి ఈ వెడల్పు మీదే నడిచింది.

1870 ప్రాంతంలో ఖర్చు తగ్గించాలని మీటరు గేజి తెచ్చారు. పేరులోనే ఉన్నట్టు దాని వెడల్పు సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. ఛత్తీస్‌గఢ్ వైపు వచ్చిన మొదటి లైను ఇలాంటిదే, నాగపూర్ నుంచి రాజనందగావ్ దాకా, 1882లో పూర్తయింది. అయితే బొంబాయి నుంచి నాగపూర్‌కు 1867లోనే వచ్చిన లైను పెద్ద గేజి. రెండూ కలిసే చోట వ్యాగన్ ముందుకు పోలేదు. ఒక బండిలోని ధాన్యం బస్తాలన్నీ దించి రెండో బండికెక్కించాలి. ఇంట్లో రెండు అగ్గిపెట్టెలనే వ్యాగన్లనుకొని, చిక్కుడు గింజలను ఒకదాని నుంచి రెండోదానికి ఒక్కొక్కటిగా మార్చమంటే, గేజి మారితే ఎంత పని పెరుగుతుందో అయిదేళ్ల పిల్లలకు కూడా తెలిసిపోతుంది. పెద్ద గేజికీ మీటరు గేజికీ తేడా 676 మిల్లీమీటర్లు. ఆ తేడా తీసేయడానికే, 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే రాజనందగావ్ లైనును కొని 1888లో పెద్ద గేజిగా మార్చింది. తీసివేత లెక్క ఒక కంపెనీ చరిత్రకు తలుపు తీసింది.

స్తంభం, బోర్డు, వాలు

మూడోది పట్టాల వెంట నిలిచే కరెంటు స్తంభాలు. పై తీగను మోయడం వాటి పని. ఒక్కో స్తంభం మీద పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉంటాయి. పైది ఎన్నో కిలోమీటరో చెబుతుంది, కిందిది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో చెబుతుంది. రెండు లైన్లున్న చోట ఒక లైను స్తంభాలకు సరిసంఖ్యలు, రెండో లైను వాటికి బేసిసంఖ్యలు. ఎక్కడైనా తీగ తెగితే ఏ కిలోమీటరులో, ఏ లైను మీద, ఏ స్తంభం దగ్గరో ఒక్క మాటలో చెప్పేయవచ్చు. సరి బేసి అన్న ఒకటో తరగతి పాఠాన్ని ఇంత పనికొచ్చేలా వాడిన చోటు ఇంకొకటి దొరకడం కష్టం.

తిన్నటి లైను మీద రెండు స్తంభాల మధ్య దూరం 72 మీటర్లు మించదు. వెయ్యిని 72తో భాగిస్తే దాదాపు 14. అంటే కిలోమీటరుకు ఒక లైను పక్కన కనీసం పద్నాలుగు స్తంభాలు కావాలి. లైను వంపు తిరిగే చోట స్తంభాలు దగ్గరవుతాయి. తీగ రెండు స్తంభాల మధ్య తిన్నగానే సాగుతుంది కానీ కింద పట్టా వంగుతుంది. దూరం ఎక్కువైతే తీగ పట్టా నడిమి నుంచి పక్కకు జరిగి, ఇంజను నెత్తి మీద కరెంటు అందుకునే చట్రానికి అందకుండా పోతుంది. అందుకే వంపులో ముక్కలు చిన్నవి చేశారు. వృత్తం లోపల చిన్న చిన్న సరళరేఖలు గీసి వృత్తానికి దగ్గరగా తెచ్చే రేఖాగణితం ఇదే.

బండిలో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు ఒక వాచీ ఇచ్చి, స్తంభం మీద పై అంకె మారినప్పటి నుంచి మళ్లీ మారేదాకా సెకన్లు లెక్కపెట్టమనాలి. 3,600ను ఆ సెకన్లతో భాగిస్తే బండి వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 60 సెకన్లయితే 60, 45 అయితే 80, 36 అయితే 100. భాగహారం ఎందుకు నేర్చుకోవాలో ఆ కిటికీ దగ్గర ఎవరూ వివరించనక్కర్లేదు.

రైల్వే గేటు రాకముందు పసుపు బోర్డు మీద హిందీలో ‘సీ/ఫా’ అని ఉంటుంది. సీటీ, ఫాటక్, అంటే గేటు వస్తోంది, కూత వేయమని డ్రైవరుకు చెప్పే బోర్డు. పెద్ద లైను మీద దీన్ని మామూలుగా గేటుకు 600 మీటర్ల ముందు పెడతారు. గంటకు 60 కిలోమీటర్లతో వచ్చే బండి ఆ దూరాన్ని 36 సెకన్లలో దాటుతుంది, 120తో వస్తే 18 సెకన్లలోనే. వేగం రెట్టింపైతే మనకు మిగిలే సమయం సగమవుతుంది. ఈ విలోమ సంబంధం పిల్లల చేత గేటు దగ్గర ఒక్కసారి లెక్క వేయిస్తే, మూసిన గేటు కింద నుంచి దూరడం ఎంత ప్రమాదమో అంకెలే చెబుతాయి.

తర్వాత గ్రేడియంట్ పోస్టు. ఇది చిన్న స్తంభం, రెండు వైపులా రెండు చేతులు. చేయి పైకి లేచి ఉంటే అటు ఎత్తు, కిందికి వాలితే పల్లం. చేతి మీద ఒక అంకె ఉంటుంది, లైను సమతలమైతే ‘ఎల్’ అని ఉంటుంది. అంకె 200 అయితే 200 మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుతామని అర్థం, కిలోమీటరుకు 5 మీటర్లు. 100 అయితే కిలోమీటరుకు 10. అంకె తగ్గేకొద్దీ వాలు పెరగడం మొదట పిల్లలకు తికమకగా ఉంటుంది. 1/200 కంటే 1/100 పెద్దదన్న భిన్నాల పాఠం ఇక్కడ కాళ్ల కింద నేలగా మారుతుంది. బిలాస్‌పూర్ నుంచి కట్ని వెళ్లే లైను మైకల్ కొండలెక్కేటప్పుడు, భన్వర్‌టంక్ సొరంగాల దగ్గర, బండి వేగం తగ్గి ఇంజను హోరు పెరుగుతుంది. భిన్నం విలువ చెవికే వినిపిస్తుంది.

స్టేషన్ పేరు బోర్డు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. బిలాస్‌పూర్‌ది సుమారు 290 మీటర్లు, విశాఖపట్నానిది పది మీటర్లు కూడా దాటదు. సెలవులకు అమ్మమ్మగారి ఊరు పోయే పిల్లలు దారిలో ఒక్కో బోర్డు మీది ఎత్తు రాసుకుంటూ పోయి, ఇంటికొచ్చాక గడుల కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే, ఛత్తీస్‌గఢ్ మైదానం నుంచి తూర్పు కనుమలెక్కి సముద్రానికి దిగే మొత్తం దారి గీత వస్తుంది. ఇక బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 802 మీటర్లు, దేశంలోని అతి పొడవైనవాటిలో ఒకటి. సుమారు 24 మీటర్ల పెట్టెలు ఆ పొడవులో ఎన్ని పడతాయో భాగిస్తే 33, కాస్త చోటు మిగులుతుంది. పిల్లలు తమ అడుగులతో ప్లాట్‌ఫారం కొలిచి, ఒక్కో అడుగు సగటు ఎంతో తేల్చుకోవచ్చు.

పదకొండో అంకె

ఇప్పుడు వ్యాగన్ నంబరు దగ్గరికి వద్దాం. ఇన్నింటిలోకీ ఎక్కువ తెలివి దాగిన చోటు ఇదే. ఎడమ నుంచి మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, అయిదు ఆరు అంకెలు తయారైన ఏడాది, ఆ తర్వాతి నాలుగు వరుస సంఖ్య. పదకొండోది పరీక్ష అంకె. మొదటి పది అంకెలు 2 2 0 7 1 3 4 2 5 8 అనుకుందాం.

సరి స్థానాల్లో ఉన్నవి, అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదో స్థానాల్లోవి తీసుకుంటే 2, 7, 3, 2, 8. వాటి మొత్తం 22. దాన్ని మూడుతో గుణిస్తే 66. బేసి స్థానాల్లోవి 2, 0, 1, 4, 5. వాటి మొత్తం 12. రెండూ కలిపితే 78. ఆ తర్వాత వచ్చే పదుల సంఖ్య 80. 78కి 80కి తేడా 2, కాబట్టి పరీక్ష అంకె 2. వ్యాగన్ మీద పూర్తి నంబరు 22071342582.

ఇది ఎలా కాపాడుతుందో చూడాలి. రాసుకునేవారు మసిలో ఆరో అంకె 3ను 8గా చదివారనుకుందాం, అంటే 2013 వ్యాగన్ 2018 వ్యాగన్ అయింది. సరి స్థానాల మొత్తం 27, మూడు రెట్లు 81, దానికి 12 కలిపితే 93. పరీక్ష అంకె 7 కావాలి, బండి మీద ఉన్నది 2. తప్పు వెంటనే దొరికింది.

సరి స్థానాలను మూడుతోనే ఎందుకు గుణించారన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు మూడో ఎక్కంలో ఉంది. మూడో ఎక్కంలో ఒకట్ల స్థానాలు వరుసగా రాస్తే 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7, 0. పది అంకెలూ ఒక్కొక్కటి ఒక్కసారే వచ్చాయి, ఏదీ రెండుసార్లు రాలేదు. అందుకే ఏ అంకె ఇంకో అంకెగా మారినా మొత్తంలోని ఒకట్ల స్థానం మారి తీరుతుంది. రెండో ఎక్కంతో చేస్తే 2, 4, 6, 8, 0 వచ్చి మళ్లీ అవే వస్తాయి. అప్పుడు 1ని 6గా చదివినా లెక్క గుర్తించలేదు. అయిదో ఎక్కంలో 5, 0 రెండే. ఒకటిని పక్కన పెడితే మూడు, ఏడు, తొమ్మిది మాత్రమే ఈ పనికి సరిపోతాయి, వాటిలో చిన్నది మూడు. రోజూ గొంతెత్తి చదివే ‘మూడు ఒకట్ల మూడు, మూడు రెళ్లు ఆరు’ వరుసలో ఈ గుణం ఉందని, దాన్ని ఎవరో గమనించి వ్యాగన్లకు కాపలా పెట్టారని తెలిశాక ఎక్కం పట్ల పిల్లల చూపే మారుతుంది.

పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ పద్ధతి సాధారణంగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఒకటి మూడు రెట్లయ్యే చోటు, రెండోది ఒక రెట్టే అయ్యే చోటు. ఆ రెండు అంకెల తేడా సరిగ్గా అయిదైతే మాత్రం దొరకదు. 2, 7 తారుమారైతే మొత్తం సరిగ్గా పది మారుతుంది, ఒకట్ల స్థానం కదలదు. ఈ లోపాన్ని పిల్లలే వెతికి పట్టుకుంటే వాళ్లు గణితజ్ఞులు చేసే పనే చేసినట్టు. ఇక గూడ్సు బండి దొరకని రోజు వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ తీసుకుంటే చాలు. దాని బార్‌కోడ్ కింద ఉన్న పదమూడు అంకెలకూ ఇదే లెక్క, సరి స్థానాలను మూడుతో గుణించడం, చివరి అంకెతో పదుల సంఖ్య చేయడం.

వ్యాగన్ పక్కనే ఖాళీ బరువు, మోయగల బరువు కూడా రాసి ఉంటాయి. బాక్స్‌ఎన్ అనే బొగ్గు వ్యాగన్‌కు మొదటి రూపంలో ఖాళీ బరువు 22.47 టన్నులు, మోత 58.81 టన్నులు. కలిపితే 81.28, నాలుగు ఇరుసులకు పంచితే ఒక్కోదాని మీద 20.32 టన్నులు. పట్టా ఎంత మందం ఉండాలో, వంతెన ఎంత గట్టిగా ఉండాలో ఆ ఇరుసు బరువే నిర్ణయిస్తుంది. ఇలాంటి వ్యాగన్లు 58 ఉన్న బండి మోసే బొగ్గు సుమారు 3,411 టన్నులు.

లెక్క చరిత్రయ్యే చోటు

ఇన్ని టన్నులు ఎవరి కోసం కదిలాయన్న ప్రశ్నతో లెక్క చరిత్రలోకి అడుగుపెడుతుంది. ఇంట్లో పురికొస ఒకటి గోడకు కట్టి, ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున చీటీలు తగిలించాలి. సున్నా దగ్గర 1854, నాగపూర్ రాజ్యాన్ని వారసులు లేరన్న నెపంతో డల్హౌసీ కలిపేసుకున్న ఏడాది. దాంతో ఛత్తీస్‌గఢ్ ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్లింది. 3 సెంటీమీటర్ల దగ్గర 1857. కరువులో వ్యాపారి గాదెలోని ధాన్యం తీసి ఆకలితో ఉన్నవారికి పంచిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను ఆ ఏడాది డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరితీశారు. 28 దగ్గర రాజనందగావ్ లైను. 37 దగ్గర 1891, నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా ప్రధాన లైను సరుకు రవాణాకు తెరుచుకుంది. 77 దగ్గర 1931, పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా లైను పూర్తయి విజయనగరానికి నేరుగా దారి ఏర్పడింది. 79 దగ్గర విశాఖ ఓడరేవు. 90 దగ్గర 1944, ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేని తీసుకుంది. 93 దగ్గర స్వాతంత్ర్యం. చీటీల మధ్య స్కేలు పెట్టి కొలిస్తే తీసివేతలు వస్తాయి, చదివితే చరిత్ర వస్తుంది. లైను కొండలు దాటి రాయ్‌పూర్‌కు చేరడం, రెండేళ్లకే రేవు తెరుచుకోవడం పక్కపక్కన చూసిన పిల్లలు ఆ లైను సరుకును సముద్రానికి దింపడానికి వేసిందని తామే అంటారు.

లైన్లు ఎవరి కోసం వేశారో రైల్వే డబ్బు లెక్క ఇంకా బాగా చెబుతుంది. తొలి రైల్వే కంపెనీల వాటాదారులకు పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. వంద రూపాయల పెట్టుబడికి లైను మూడు రూపాయలే సంపాదిస్తే, మిగతా రెండు భారత ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తు నుంచి వెళ్లేవి. తర్వాత వచ్చిన కంపెనీల ఒప్పందాల్లో శాతం తగ్గింది, పద్ధతి కొనసాగింది. శాతాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. నష్టం ఎవరిది, లాభం ఎవరిది అని రెండు నిలువు గడుల్లో రాయిస్తే, దాదాభాయి నౌరోజీ భారత సంపద బ్రిటన్‌కు తరలిపోవడం గురించి ఎందుకు అంతగా వాదించారో పన్నెండేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. ఆ పట్టాలే కరువు రోజుల్లో ధాన్యాన్ని తెచ్చాయి, మామూలు రోజుల్లో ఎగుమతికి తీసుకెళ్లాయి. రెండూ నిజమే, పిల్లలకు రెండూ చెప్పాలి.

ఆ కంపెనీలో పనిచేసిన మనుషుల కథ కూడా ఇందులో భాగమే. 1920ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి, ఉద్యోగాల కోతకు ఎదురు నిలిపిన నాయకుడు బరంపురానికి చెందిన తెలుగువాడు వి.వి.గిరి. 1969లో ఆయనే రాష్ట్రపతి అయ్యారు. బిలాస్‌పూర్ తెలుగు ఇళ్లలో ముత్తాతల ఉద్యోగ కాగితాలు, పాత గుర్తింపు కార్డులు ఉంటే వాటి తేదీలు కూడా అదే పురికొసకు తగిలించాలి. తమ ఇంటి చీటీ దేశం చీటీల మధ్య చేరినప్పుడు చరిత్ర తమదేనని పిల్లలు గుర్తిస్తారు.

అల్లిక

ఇక పుస్తకాలు. ఎన్‌సీఈఆర్‌టీ గణితం, సామాజిక శాస్త్రం పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2017లో మొదలైన దీక్షా వేదిక మీద రాష్ట్రాల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాల తెలుగు ప్రతులూ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాలం చెల్లని తోడు పెద్దబాలశిక్ష. దాని మూలమైన బాలశిక్షను 1832లో పుదూరు సీతారామశాస్త్రి రాశారు, రాయించింది ఈస్టిండియా కంపెనీ అధికారి క్లూలో. అక్షరం నుంచి గుణింతానికి, అక్కడి నుంచి మాటకు, వాక్యానికి, ఎక్కాలకు, కొలతలకు అది మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది, ఏ మెట్టూ వదలదు. దాదాపు రెండొందల ఏళ్లుగా ఇళ్లలో నిలిచింది ఆ కూర్పు వల్లే. దానికదే వలస కాలం చరిత్రలో ఒక వస్తువు కూడా. స్థానిక వివరాలకు 1908–09లో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. అది పాలకులు తమ అవసరానికి రాసుకున్న పుస్తకమని ముందే చెప్పి చదివించాలి.

వీటిని ఇలా అల్లవచ్చు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు స్తంభాల సరి బేసి అంకెలు, వ్యాగన్లు లెక్కపెట్టడం, పట్టా మీది అక్షరాలు పెన్సిలుతో దించడం. మూడు, నాలుగు వాళ్లకు మూడో ఎక్కంతో పరీక్ష అంకె, పురికొస మీద ఏళ్లు. అయిదు, ఆరు వాళ్లకు వేగం, వాలు, శాతం, హామీ లెక్క. ఒక్కో వారం ఒకే వస్తువు తీసుకోవాలి. ముందు చూడాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాత ఎందుకని అడగాలి, చివరికే పుస్తకం తెరవాలి. ఈ వరుస తిరగబడితే పుస్తకమే జవాబవుతుంది, వస్తువు బొమ్మగా మిగులుతుంది. చూడటమంతా ప్లాట్‌ఫారం మీద నుంచి, పాదచారుల వంతెన మీద నుంచి, మూసిన గేటు ఇవతలి నుంచి, కిటికీ పక్క సీటు నుంచి జరగాలి. పట్టాల మీదికి పిల్లలను తీసుకెళ్లడం నేరం, ప్రాణాలకు ముప్పు.

ఈ పద్ధతి రైలు ఊళ్లకే పరిమితం కాదు. గోదావరి పిల్లలకు 1847 నుంచి 1852 దాకా ఇంజనీరు కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట ఉంది, విశాఖ పిల్లలకు రేవు ఉంది, ఏ ఊరి పిల్లలకైనా పాత కాలవో వంతెనో తపాలా కార్యాలయమో ఉంటుంది. జాగ్రత్తగా కట్టిన ఏ వస్తువూ తన కొలతలను దాచుకోదు, అడిగినవారికి చెబుతుంది. దాన్ని అడగడం వచ్చిన పిల్లలు రేపు ఏ లెక్క ముందు పెట్టినా మొత్తం సరిపోయిందా అని చూస్తారు, సరిపోయాక అది ఎవరి కోసం వేసిన లెక్క అని కూడా అడుగుతారు. ఇంట్లో చెప్పే చదువు వాళ్లకు ఇవ్వాల్సింది ఈ రెండు ప్రశ్నలే.